క్రొయేషియాలో తక్కువ ఖర్చుతో శాకాహారం: ఇక్కడి ఇళ్లలో వండుకునేది మనకు పనికొస్తుందా?

మూసీతీరం (జాగ్రెబ్) | అక్టోబరు 6

అందరికీ నమస్కారం. నేను జాగ్రెబ్‌కు వచ్చి ఏడు నెలలైంది. ఒక గోదాములో పని చేస్తున్నాను. మరో తెలుగు అబ్బాయితో కలిసి చిన్న గదిలో ఉంటున్నాను. ఇద్దరమూ శాకాహారులమే. పాలు, పెరుగు, వెన్న తింటాము కానీ గుడ్డు ముట్టము. ఇంతకాలం కందిపప్పు, చింతపండు, బియ్యం, ఇంగువ, పొడులు అన్నీ పార్సిల్‌లో తెప్పించుకుంటూ వచ్చాము. మొన్న లెక్క చూసుకుంటే ఇద్దరి తిండికి నెలకు అయిన 230 యూరోలలో సగానికి పైగా ఆ పార్సిళ్లకే పోయింది.

ఇక్కడివాళ్లు మాంసం లేనిదే ముద్ద ఎత్తరని మొదట్లోనే ఎవరో చెప్పారు. మాకు గది అద్దెకిచ్చిన ఇంటావిడ కుండలో ఉడికే చిక్కుడు గింజల వాసన మెట్లమీదికి వచ్చినప్పుడల్లా నోరూరుతుంది, కానీ అందులో పొగబెట్టిన పంది ఎముక వేస్తానని ఆవిడే చెప్పింది. మాంసం లేకుండా, మామూలు కూరగాయలతో, రోజువారీగా ఇక్కడి ఇళ్లలో ఏం వండుకుంటారో ఎవరైనా వివరంగా చెప్పగలరా? హోటళ్ల వంటకాలు వద్దు, ఇళ్లలో వండేవి కావాలి.

దోలాత్స్_బుట్ట (జాగ్రెబ్) | అక్టోబరు 6

మూసీతీరం గారూ, మీకు ఆ మాట చెప్పినవారు సగమే చెప్పారు. ఈ దేశం ఎక్కువగా క్యాథలిక్కులది. శుక్రవారాల్లోనూ, ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లోనూ మాంసం మానే ఆచారం తరతరాలుగా ఉన్నది కనుక, మాంసం లేని వంటకు ఇక్కడ సొంత పేరే ఉంది: పోస్నో. ఆ మాట నేర్చుకుంటే సగం పని అయినట్టే. అయితే పోస్నో అంటే చేప ఉండవచ్చు, అది వాళ్లకు మాంసం కిందికి రాదు. కాబట్టి ఎక్కడైనా తినేటప్పుడు "పోస్నో, బెజ్ రీబె" అనండి, చేప లేకుండా అని అర్థం.

రెండో మాట వారివో. కూరగాయనో గింజనో మెత్తగా ఉడికించి, కాస్త చిక్కబరిచి, గిన్నెలో పోసుకుని చెంచాతో తినే వంట అది. అటు పులుసూ కాదు, ఇటు కూరా కాదు. దీన్ని "నా జ్లిత్సు" అంటారు, అంటే చెంచా మీది తిండి. చిక్కుడు గింజలు, మసూర్, బీన్స్, కెల్య్ అనే ముడతల క్యాబేజీ, ఉల్లికాడల వంటి పోరీలుక్, ఏది దొరికితే దానితో వారివో చేస్తారు. ఒక కుండ పెడితే ఇద్దరికి రెండు పూటలు గడుస్తుంది.

సరుకు సంతలో కొనండి. దోలాత్స్ సంత 1930 నుంచి పట్టణం నడిబొడ్డున ఉన్నది. ఎర్ర గొడుగుల కింద ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లు అమ్ముతారు, వాళ్లను కూమిత్సా అంటారు. పొద్దున్నే వెళ్లి మురిసిపోవడం యాత్రికులకు బాగుంటుంది. డబ్బు మిగలాలంటే బల్లలు సర్దుకునే వేళకు వెళ్లండి, మిగిలిన ఆకుకూర కట్టలు తిరిగి ఊరికి మోసుకుపోవడం వాళ్లకూ ఇష్టం ఉండదు. గ్రాములు అడగకండి. ఇక్కడ పది గ్రాములను ఒక దెకా అంటారు, "ద్వాదెసెత్ దెకా" అంటే 200 గ్రాములు. మొదటివారం నేను రెండు కిలోలు అడిగానేమోనని ఒకావిడ సంచీ నింపేసింది, వారమంతా క్యారెట్లే తిన్నాము.

ఇంకొక విషయం. 2023 జూలై నుంచి వచ్చిన చట్టం ప్రకారం ఒక దుకాణం ఏడాదికి 16 ఆదివారాలు మాత్రమే తెరవవచ్చు. కాబట్టి శనివారమే సరుకు చూసుకోండి.

శుద్ధశాకాహారి (రియెకా) | అక్టోబరు 6

సంత సంగతి సరే, పొట్లాల మీది చిన్న అక్షరాలు కూడా చదవాలి. స్వింస్కా మాస్త్ అంటే పంది కొవ్వు. రొట్టెల్లో, మడతల పిండివంటల్లో, కొన్ని బిస్కట్లలో ఇది ఉంటుంది. మా వీధిలోని ఒక బేకరీలో ఏడాదిపాటు ఇష్టంగా కొన్న ఉప్పు రొట్టె దీనితోనే చేస్తారని చాలా ఆలస్యంగా తెలిసింది. పైన ఆవాలు చల్లినట్టు ఉంటే మనవాళ్లదే అనుకున్నాను. యాయా అంటే గుడ్లు, సేమ్యాల్లో తరచుగా ఉంటాయి. సిరిలో అంటే జున్ను, అదే చీజ్, గడ్డకట్టడానికి వేసే పదార్థం. దూడ పొట్ట నుంచి తీసినది కావచ్చు, "మిక్రోబ్నో" అని ముందు ఉంటే ఫరవాలేదు. సంతలో అమ్మే తాజా సిర్, అంటే తాజా జున్ను మాత్రం పాలను వాటంతట అవే పులియనిచ్చి, గోరువెచ్చగా వేడిచేసి, విరిగాక వడకట్టినది. మన విరిగిన పాల ముద్దకు దగ్గరి చుట్టం. అయినా అడిగి తీసుకోవడం మంచిది.

ఆడ్రియాటిక్_ఆవకాయ (స్ప్లిట్) | అక్టోబరు 7

జాగ్రెబ్‌వారు పిండి, మీగడ, క్యాబేజీ అంటారు. సముద్రపు ఒడ్డున మాది వేరే లోకం. ఇక్కడ కొన్ని వందల ఏళ్లు వెనిస్ పాలన సాగింది, లోపలి ప్రాంతాల్లో ఆస్ట్రియా, హంగరీల పొందు ఎక్కువ. దేశం ఒకటే అయినా వంటిళ్లు రెండు. ఆ తేడా మొదట నూనెలోనే కనిపిస్తుంది. మాకు ఆలివ్ నూనె, మీకు పొద్దుతిరుగుడు నూనె, పంది కొవ్వు.

మీరు మొట్టమొదట చేయవలసింది బ్లిత్వా. ఇది బీట్‌రూట్ జాతి మొక్కే, కానీ దుంప కోసం కాక ఆకు కోసం పెంచుతారు. చూడటానికి పెద్ద పాలకూరలా ఉంటుంది, కాడ మందంగా, తెల్లగా ఉంటుంది. బంగాళాదుంపలు తొక్క తీసి ముక్కలు చేసి ఉప్పునీళ్లలో పది నిమిషాలు ఉడికించండి. తరవాత కాడ ముక్కలు వేయండి. ఇంకో నాలుగు నిమిషాలకు ఆకులు వేసి, అవి వాడి రంగు తేరగానే మొత్తం జల్లెడలో వంచేయండి. అదే గిన్నెలో నాలుగు గరిటెల ఆలివ్ నూనె పోసి, వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరిగి వేసి, వెల్లుల్లి ఎర్రబడకుండా వాసన వచ్చేదాకా మాత్రమే వెచ్చబెట్టి, ఉడికినవి వేసి గరిటె వెనకభాగంతో రెండు మూడు చోట్ల నలపండి. పూర్తిగా మెదపకూడదు, ముక్క ముక్కగానూ ఉండకూడదు. ఇక్కడ దీన్ని చేప పక్కన పెడతారు, మేము ఒక పెద్ద పళ్లెం నిండా ఇదే భోజనంగా తింటాము.

పోపులపెట్టె (విశాఖపట్నం) | అక్టోబరు 7

నేను క్రొయేషియా చూడలేదు, కానీ ఈ బ్లిత్వా వినగానే చేయి ఊరుకోలేదు. ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయ, కరివేపాకు వేసి పోపు పెడితే ఇది అచ్చంగా మన పాలకూర బంగాళాదుంప వేపుడు. ఇంత చప్పటి వంటకు పోపు పెట్టకుండా ఎలా తింటున్నారో అర్థం కావడం లేదు.

దోలాత్స్_బుట్ట (జాగ్రెబ్) | అక్టోబరు 7

పోపులపెట్టె గారూ, తప్పకుండా పెట్టుకోవచ్చు, నేను కూడా మొదటి రెండేళ్లు అన్నింటికీ పెట్టాను. అప్పుడు ప్రతి వంటా ఒకే వంట అయింది. బ్లిత్వాకు, క్యాబేజీకి, చిక్కుడు గింజలకు అదే ఆవాల రుచి. పైగా కరివేపాకు ఇక్కడ బంగారంతో సమానం. ఇక్కడివాళ్లకూ ఒక పోపు ఉన్నది. అది తెలిస్తే మూసీతీరం గారి ఇంటావిడ కుండ రహస్యం కూడా తెలిసినట్టే.

దాని పేరు జాప్ర్‌ష్కా. పాతకాలపు జాగ్రెబ్‌వాళ్లు జర్మన్ నుంచి వచ్చిన ఐన్‌ప్రెన్ అనే మాట కూడా వాడతారు. మనం పులుసులో పిండి కలిపి పోసి ఆపైన తిరగమోత వేస్తామే, ఆ రెండు పనులనూ ఒక్క మూకుడులో చేయడం అన్నమాట.

గ్రాహ్, అంటే చిక్కుడు గింజల వారివో, ఇలా చేయండి. పాతిక దెకాల ఎండు గింజలు, మచ్చలున్న త్రెష్న్యెవాత్స్ రకమైతే మేలు, రాత్రి నానబెట్టండి. పొద్దున ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో ఒక పొంగు రానిచ్చి అవీ పారబోయండి. మూడోసారి నీళ్లు పోసి, ఒక క్యారెట్, ఒక ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒకే ఒక్క లోవోర్ ఆకు వేయండి. ఇది మన బిర్యానీ ఆకు కాదు, వేరే చెట్టుది. ఘాటు ఎక్కువ, రెండు వేస్తే మందు వాసన వస్తుంది. కుక్కరుంటే ఆవిరి పట్టాక అరగంట. ఇక్కడి ఎక్స్‌ప్రెస్ లోనాత్స్ విజిల్ వేయదు, గడియారం చూసుకోవాలి. గింజ మెత్తబడ్డాకే ఉప్పు వేయండి.

ఇప్పుడు చిన్న మూకుడులో రెండు చెంచాల నూనె వేడిచేసి, ఒక చెంచా మైదా వేసి, సన్న సెగ మీద కలుపుతూ ఉండండి. మొదట పచ్చి పిండి వాసన, తరవాత వేయించిన పిండివంట వాసన వస్తుంది. రంగు గోధుమవన్నెకు తిరగగానే పొయ్యి ఆపేయాలి. ఆపిన తరవాతే ఒక చెంచా స్లాత్కా పాప్రికా, అంటే కారం లేని ఎర్ర మిరప పొడి వేసి, రెండు తిప్పులు తిప్పి, వెంటనే కుండలోంచి ఒక గరిటెడు నీళ్లు పోయండి. చుయ్యిమని పొంగి ముద్దవుతుంది. ఆ ముద్దను కుండలో కలిపి మరో పది నిమిషాలు ఉడకనివ్వండి. పాప్రికాలో చక్కెర ఎక్కువ కనుక పొయ్యి మీద ఉండగా వేస్తే లిప్తలో మాడుతుంది, మాడిందా ఆ చేదు ఇక కుండను వదలదు.

పంది ఎముక ఇచ్చేది రెండే: కొవ్వు, పొగ వాసన. కొవ్వుకు బదులు మరో చెంచా నూనె. పొగకు బదులు దిమ్ల్యెనా పాప్రికా, అంటే పొగబెట్టిన మిరప పొడి, అర చెంచా. ఇది ఇక్కడి సంప్రదాయం కాదు, నా సర్దుబాటు. తినే ముందు నాలుగు చుక్కల వెనిగర్ వేయండి, అది మాత్రం ఇక్కడివాళ్ల అలవాటే.

శుద్ధశాకాహారి (రియెకా) | అక్టోబరు 8

వారివోలో చాలామంది వెగెతా పొడి కూడా వేస్తారు, మీరు దాని మాట ఎత్తలేదు.

దోలాత్స్_బుట్ట (జాగ్రెబ్) | అక్టోబరు 8

కావాలనే ఎత్తలేదు. కొప్రివ్‌నిత్సాలోని పొద్రావ్కా సంస్థలో జ్లాతా బార్ట్ల్ అనే శాస్త్రవేత్త 1959లో రూపొందించిన ఆ పొడి లేని వంటిల్లు ఈ దేశంలో అరుదు. అందులో ఎండబెట్టిన కూరగాయల ముక్కలు, మోనోసోడియం గ్లుటమేట్ ఉంటాయి, అన్నింటికన్నా ఎక్కువ ఉండేది ఉప్పు. వేస్తే ఉప్పు మానేయాలి. నా వరకు, గింజలు ఉడికిన నీళ్లకే తగినంత రుచి ఉంటుంది.

మక్కగటక (ఓసియెక్) | అక్టోబరు 9

ఈ చర్చ చదువుతుంటే మా నాయనమ్మ గుర్తుకొచ్చింది. మా కరీంనగర్ వైపు మక్కజొన్న రవ్వతో గటక కాచి చల్ల పోసుకుని తాగేవాళ్లము. ఇక్కడికి వచ్చాక ఒక పల్లె ఇంట్లో జ్గాన్సి పెట్టినప్పుడు, గిన్నెలో పుల్లటి పాలు పోసి ఇవ్వగానే, నేను ఎక్కడ కూర్చున్నానో ఒక్క క్షణం తెలియలేదు.

చేసే పద్ధతి మాత్రం వేరు. మనం కలుపుతూ కాస్తాము, వాళ్లు కలపరు. మరిగే ఉప్పునీళ్లలో మక్కజొన్న పిండిని ఒక్కసారిగా కుప్పగా పోసి, గరిటె కాడతో ఆ కుప్ప నడుమ అడుగుదాకా ఒక బిలం చేస్తారు. నీళ్లు ఆ బిలంలోంచి బుడబుడమని పైకి వస్తూ పిండిని అరగంటసేపు ఉడికిస్తాయి. తరవాత మిగులు నీళ్లు కొంచెం వంచి పక్కన పెట్టుకుని, పిండిని కుళ్లబొడిచినట్టు కలిపి, చెంచాతో ముద్దలు ముద్దలుగా తీస్తారు. సముద్రం వైపు పాలెంతా అనే పేరుతో జారుగా చేసుకుంటారు. దీన్ని ముసలివాళ్లు "సిరోతిన్స్కా హ్రానా", పేదవాళ్ల తిండి అంటారు. గటకను మనవాళ్లు అన్నట్టే.

ఉప్మా రవ్వ కోసం పార్సిల్ తెప్పించుకునేవారికి ఒక మాట: ఇక్కడ గ్రిజ్ అనే పొట్లం గోధుమ రవ్వే. చపాతీకి మాత్రం పిండి సంచీ మీది అంకె చూడండి. 400, 550 అంటే తెల్లటి పిండి, 1100 అంటే తవుడు ఎక్కువ ఉన్న ముదురు పిండి. అంకె పెరిగేకొద్దీ పొట్టు పెరుగుతుంది. నేను 1100, 550 సగం సగం కలుపుతాను. ఎర్ర మసూర్ "త్స్ర్‌వెనా లెచా" పేరుతో పెద్ద దుకాణాలన్నింటిలోనూ దొరుకుతుంది. కందిపప్పు మీద బెంగ పెట్టుకోకండి.

మూసీతీరం (జాగ్రెబ్) | అక్టోబరు 13

అందరికీ చాలా కృతజ్ఞతలు. బ్లిత్వా రెండుసార్లు చేసుకున్నాము, రెండుసార్లూ గిన్నె తుడిచిపెట్టాము. గ్రాహ్ మాత్రం మొదటిసారి చెడింది. పొయ్యి ఆపాను, పాప్రికా వేశాను, సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. మా పొయ్యి విద్యుత్తుది, ఆపినా పళ్లెం చల్లారదు. రెండు తిప్పులు తిప్పేలోపు ఎరుపు కాస్తా కాఫీ పొడి రంగుకు తిరిగింది. అయినా పారేయబుద్ధి కాక కుండలో కలిపాను, దోలాత్స్_బుట్ట గారు చెప్పినట్టే ఆ చేదు మూడు పూటలూ వదల్లేదు. రెండోసారి మూకుడును పొయ్యి మీద నుంచి దించి చెక్క పలక మీద పెట్టి వేశాను, కుదిరింది. ఇంటావిడకు ఒక గిన్నె ఇస్తే తిని, "ఎముక ఎక్కడ?" అని అడిగింది. పొగడ్తగానే తీసుకున్నాను.

మాకు కుక్కరు లేదు, అన్నం వండే విద్యుత్ కుక్కరు ఉన్నది. గింజలను రాత్రంతా అందులో వెచ్చగా పెట్టి ఉంచితే ఉడుకుతాయా?

ఆడ్రియాటిక్_ఆవకాయ (స్ప్లిట్) | అక్టోబరు 13

అలా ఎంతమాత్రం చేయకండి. చిక్కుడు గింజల్లో, ముఖ్యంగా ఎర్రటి రాజ్మా రకాల్లో, సహజంగా ఉండే లెక్టిన్ అనే పదార్థం సరిగా ఉడకకపోతే వాంతులు, విరేచనాలు తెస్తుంది. అది విరగాలంటే నీళ్లు కళపెళ మరగాలి, కనీసం పది నిమిషాలైనా. వెచ్చటి నీళ్లలో గంటలకొద్దీ ఉంచితే గింజ మెత్తబడవచ్చు కానీ ఆ దోషం పోదు. నానబెట్టి, మామూలు గిన్నెలో మరిగించి, తరవాత సన్న సెగ మీద గంటన్నర ఉంచండి. లేదా డబ్బాలో ఉడికించి అమ్మే గింజలు తెచ్చుకోండి. కొంచెం ఖర్చయినా విద్యుత్తు మిగులుతుంది.

పెనం ఉంటే సోపార్నిక్ కూడా చేసుకోవచ్చు. స్ప్లిట్‌కూ ఓమిష్‌కూ వెనక కొండల్లో ఉన్న పోల్యిత్సా ప్రాంతపు రొట్టె ఇది. యూరోపియన్ యూనియన్ 2016లో దీనికి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. రెండు పలుచటి పిండి రేకుల నడుమ తరిగిన బ్లిత్వా ఆకు, ఉల్లికాడలు, పార్స్లీ పరిచి అంచులు మడుస్తారు. అసలుది మీటరు వెడల్పు ఉంటుంది, వేడి పొయ్యి గచ్చు మీద వేసి పైన నిప్పులు కప్పి కాలుస్తారు. బయటికి తీసి బూడిద దులిపి వెల్లుల్లి నూరిన ఆలివ్ నూనె పూస్తారు. గుడ్డు లేదు, జున్ను లేదు, ఈస్ట్ లేదు. మన కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

నేను రెండు చపాతీల కొలతలో చేస్తాను. కిటుకు అంతా ఆకులో తడి లేకపోవడంలో ఉన్నది. కడిగిన ఆకును బట్ట మీద పరిచి పూర్తిగా ఆరనివ్వాలి, కాడలు తీసేయాలి, ఉప్పును రేకు మూసేముందు మాత్రమే చల్లాలి. ముందే చల్లితే ఆకు నీరు వదిలి, పెనం మీద రొట్టె చిరిగిపోతుంది. రెండు పక్కలా కాల్చి, దించాక నూనె పూసి, ఐదు నిమిషాలు మూతపెట్టి, అప్పుడు కోయండి.

దోలాత్స్_బుట్ట (జాగ్రెబ్) | అక్టోబరు 14

కుక్కరు లేనివారికి అరగంట వంట ఒకటి చెబుతాను, క్ర్‌పిత్సె సా జెల్యెమ్. చదరపు సేమ్యా ముక్కలు, క్యాబేజీ, అంతే. గుడ్డు లేని రకం చూసి తీసుకోండి. మూకుడులో మూడు చెంచాల నూనె, ఒక చెంచా చక్కెర వేసి, చక్కెర కరిగి ఎర్రబడగానే ఉల్లిపాయ, వెంటనే సన్నగా తరిగిన అర క్యాబేజీ వేయండి. ఉప్పు వేసి మూతపెట్టి మగ్గించండి. నీరు ఇగిరి అంచులు వేగినట్టు అయ్యేదాకా ఓపిక పట్టాలి, తొందరపడితే ఉడికిన క్యాబేజీ వాసన మిగులుతుంది. చివర మిరియాల పొడి ధారాళంగా వేసి, ఉడికిన సేమ్యా కలపండి. చక్కెర మాట విని ముఖం చిట్లించకండి. క్యాబేజీకి ఆ రంగు, కమ్మదనం దాని నుంచే వస్తాయి.

మూసీతీరం (జాగ్రెబ్) | నవంబరు 10

ఒక నెల లెక్క రాస్తానని అనుకున్నాను కనుక రాస్తున్నాను. అక్టోబరులో ఇద్దరికీ కలిపి 148 యూరోలు అయింది. పార్సిల్‌లో ఈసారి ఇంగువ, ఆవాలు, ఒక ఆవకాయ సీసా మాత్రమే తెప్పించాము. వారంలో నాలుగు రోజులు ఇక్కడి వంటే. క్ర్‌పిత్సె మా గదిలో శనివారం వంటగా స్థిరపడిపోయింది. సోపార్నిక్ ఒకసారి చిరిగింది, ఒకసారి నిలిచింది.

చింతపండు అయిపోయింది, చారు లేక నాలుక చచ్చిపోయింది. సంతలో ఇప్పుడు పులియబెట్టిన క్యాబేజీ వచ్చింది. ఆ నీళ్లు ఒక సీసాడు కూమిత్సా ఊరికే ఇచ్చింది, రసోల్ అంటారట. పుల్లగా, బాగుంది. దీనితో చారు కాయవచ్చునా?

పోపులపెట్టె (విశాఖపట్నం) | నవంబరు 10

నిస్సందేహంగా కాయండి. ఉడికిన మసూర్ తేట, ఒక టమాటా, మిరియాలు, జీలకర్ర, పైన ఇంగువ పోపు. ఈసారి దోలాత్స్_బుట్ట గారు కూడా కాదనరు.

దోలాత్స్_బుట్ట (జాగ్రెబ్) | నవంబరు 10

కాదనను, నేను ప్రతి చలికాలమూ కాస్తాను. అయితే రసోల్ అంటే ఉప్పునీళ్లే కదా. గ్లాసుకు రెండు గ్లాసుల మంచినీళ్లు కలిపి, విడిగా ఉప్పు వేయకుండా మొదలుపెట్టండి. పోపు వేశాక ఒకసారి రుచి చూడండి, అప్పటికీ తక్కువైతేనే ఉప్పు డబ్బా తీయండి.